చేతికి తగిన కర్ర

హాకీని గురించి నాలుగు మాటలు వ్రాసి పంపవలసినదని సంచిక సంపాదకవర్గము వారు కోరినప్పుడు మొదట సంకోచించాము. మేము పతకములు తెచ్చిన వారము కాము. జిల్లా హద్దు దాటి ఆడినది కూడా వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అయితే ఆటలో గొప్పవారు ఆటను గురించి వ్రాస్తారు, మావంటివారు కర్రను గురించి అయినా వ్రాయవచ్చును కదా అని ధైర్యము తెచ్చుకొన్నాము. కర్ర విషయములో మేము చేసిన పొరపాట్లు తక్కువ కాదు. వాటికి మేము చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు.

ఇక్కడ ‘మేము’ అన్నది పెద్దరికము కొరకు వాడిన మాట కాదు. 1981వ సంవత్సరములో తిరువూరులో హాకీ ఆడిన పదకొండుగురమూ కలిసి ‘మేము’. వ్రాసే చేయి ఒకటే అయినా జ్ఞాపకము అందరిదీ. ఇళ్ళలో కొందరము ఉర్దూ, కొందరము తెలుగు మాట్లాడేవారము; మైదానములో రెండూ కలిసిపోయేవి. ఎవరి పేరూ వ్రాయబోవుట లేదు. ఆ రోజులలో మేము ఒకరినొకరము ఆడే స్థానమును బట్టియే పిలుచుకొనేవారము కనుక ఇక్కడ కూడా అవే పేర్లు వాడుతాము.

అప్పటి తిరువూరు కృష్ణా జిల్లాలోని ఒక తాలూకా కేంద్రము. (2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది.) ఒక వైపు మామిడి తోటలు, మరొక వైపు ఖమ్మము జిల్లా పొలిమేర. మాకు దొరికిన మైదానము గరప నేల. వేసవిలో ఇనుములాగా గట్టిపడేది. రెండు వానలు పడితే పశువుల గిట్టల గుంటలు తేలి, బంతి ఎటు ఎగురునో దానికే తెలియదు. అటువంటి నేలమీద హాకీ ఏమిటని పెద్దలు నవ్వేవారు. కాని ఆ ముందటి సంవత్సరము, 1980 జూలై చివరను, మాస్కోలో మన జట్టు స్పెయిన్‌ను 4-3 గోల్స్ తేడాతో ఓడించి స్వర్ణ పతకము గెలిచినది. భాస్కరన్ నాయకుడు. మహమ్మద్ షాహిద్, జఫర్ ఇక్బాల్ ఆ జట్టులోని వారే. రేడియోలో ఆ వార్త విన్న మరునాటి నుండి ఊరిలో వంకర కర్ర కనబడిన ప్రతి కుర్రవాడూ షాహిదే.

వంకర కర్ర అన్న మాట అలంకారము కొరకు వ్రాసినది కాదు. మా మొదటి హాకీ కర్రలు చెట్లనుండి వచ్చినవే. చింతకొమ్మ గట్టిది, కాని బరువు. తుమ్మ ఇంకా గట్టిది, అయితే ముళ్ళు చెక్కి నునుపు చేయుటకు సగము రోజు పట్టేది. మామిడి కొమ్మలు చుట్టూ ఎన్ని ఉన్నా పనికిరావు. రెండవ దెబ్బకు పెళుసుగా విరుగుతాయి. కొమ్మలో సహజముగా వంపు ఉన్న చోటు వెదకి, కోసి, పచ్చిగా ఉన్నప్పుడే నిప్పు సెగ చూపించి, తాడు బిగించి కట్టి, నాలుగు రోజులు అటకమీద ఉంచేవారము. ఆపైన వడ్రంగి కాళ్ళావేళ్ళా పడితే బాడిసతో ఒక వైపు చదును చేసి ఇచ్చేవాడు. చూచుటకు అందము లేదు. కాని ఆ కర్రలలో ఒక గుణము ఉండేది, దానిని మేము తరువాత చాలా కాలమునకు గాని గుర్తింపలేదు. ఎవడి కర్రను వాడే వెదకుకొన్నాడు. పొట్టివాడు పొట్టి కొమ్మనే కోసుకొన్నాడు, సన్నని చేతులవాడు సన్నని కొమ్మనే ఎన్నుకొన్నాడు. ఎవరూ చెప్పనవసరము లేకపోయినది.

1981లో మేము చదివే విద్యాలయములో ఆటలకు కొంత సొమ్ము మంజూరు అయినది. పన్నెండు కర్రలు విజయవాడ నుండి బస్సుమీద వచ్చినవి. గోనె విప్పిన సాయంత్రము మాకు ఈనాటికీ జ్ఞాపకమే. వార్నీషు వాసన, పిడికి ఎర్రని పట్టీ, కాడమీద బంగారు రంగు అక్షరాలు. పన్నెండూ అచ్చు గుద్దినట్లు ఒకే విధముగా ఉన్నవి. అన్నీ 37 అంగుళములు, అన్నీ బరువైనవి. ఒకే విధముగా ఉండుటయే గొప్ప అని ఆనాడు అనుకొన్నాము. సైనికుల తుపాకులవలె వరుసగా గోడకు ఆనించి, వాటిముందు నిలబడి ఛాయాచిత్రము తీయించుకొనవలెనని కూడా అనుకొన్నాము. ఛాయాచిత్రకారునికి ఇచ్చుటకు డబ్బు లేక మానుకొన్నాము.

తరువాతి రెండు నెలలలో జరిగినది చెప్పుటకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మా రైట్ అవుట్ నాలుగడుగుల పదకొండు అంగుళముల మనిషి. బంతితో పరుగెత్తునప్పుడు పిడి కొన వాని పొట్టలో పొడుచుకొనేది. దానిని తప్పించుటకు చేతులు దూరముగా చాచి పరుగెత్తేవాడు, బంతి జారిపోయేది. లెఫ్ట్ ఇన్‌కు మణికట్టు వాచి, రాత్రిళ్ళు ఉప్పు కాపడము పెట్టుకొనేవాడు. ఆరడుగుల రైట్ బ్యాకుకు మాత్రము కర్ర సరిపోయినది. వాడు హాయిగా ఆడుతూ ఉంటే, మిగిలినవారికి ఆట రాదని అందరూ అనుకొన్నారు, మేమూ అనుకొన్నాము. చెట్టు కొమ్మలతో బాగా ఆడినవారము కొన్న కర్రలతో ఆడలేకపోవుట మా చేతకానితనమే అని నమ్మినాము. కర్రను అనుమానించుట మా మనస్సుకు తట్టలేదు. బంగారు అక్షరములు ఉన్న వస్తువును ఎవరు అనుమానిస్తారు? పొరుగు పట్టణపు జట్టు వచ్చి అయిదు గోల్స్ చేసి వెళ్ళినది. ఆ ఆటలోనే రెండు కర్రలు మెడవద్ద విరిగినవి.

ఆ ఆట చూచిన వారిలో ఒక వృద్ధుడు ఉన్నారు. రైల్వేలో ఫిట్టరుగా చేసి విశ్రాంతి తీసుకొని, కూతురి ఇంట ఉండుటకు తిరువూరు వచ్చినవారు. ఒకప్పుడు రైల్వే మైదానములలో ఆడినారట. మేము చాచా అని పిలిచేవారము. ఆట అయిన తరువాత ఆయన మమ్మల్ని మందలింపలేదు, ఓదార్చనూ లేదు. “రేపు కర్రలన్నీ మా ఇంటికి పట్టుకురండి, విరిగినవి కూడా” అన్నారు.

మరునాడు నులక మంచముమీద పది కర్రలు, నాలుగు ముక్కలు పరచి కూర్చున్నారు. మొదట విరిగిన ముక్కలనే చేతికి తీసుకొన్నారు. బజారులో ఏ వస్తువును కొనుటకు ముందైనా అటువంటి వస్తువు విరిగినది ఒకటి చూడవలెనని ఆయన అనేవారు. లోపల ఏమున్నదో అదే చెప్పుతుందట. ఆనాటి మంచి హాకీ కర్ర ఒకే చెక్క కాదని మాకు తెలిసినది అప్పుడే. పైన పిడి, దానికి కొనసాగింపుగా కాడ పేము బద్దలతో చేస్తారు. బద్దల నడుమ రబ్బరు పొరలు పెట్టి జిగురుతో అతుకుతారు. బంతి తగిలిన అదురును ఆ రబ్బరు మ్రింగి చేతికి రానీయదు. క్రింది భాగము కంబళి చెట్టు చెక్క, మనవారు మల్బరీ అంటారు, చాచా షహతూత్ అనేవారు. పిడి కొనను చీలికవలె చెక్కి, క్రింది చెక్కలో దానికి తగిన గాడి తీసి, రెండూ అతికి, పైన దారము చుట్టుతారు. మా కర్రలు విరిగినది సరిగా ఆ అతుకు వద్దనే. గాడిలో ఖాళీని జిగురుతో నింపినారు. పైన వార్నీషు, ఎర్ర పట్టీ ఉండగా ఎవరికి తెలుస్తుంది? ఆయన మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా గడపమీద మెల్లగా తట్టి విన్నారు. గట్టి అతుకు ఉన్నది ఒకే స్వరముతో మ్రోగుతుంది. వదులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కుండను కొనే ఆడవారికి ఈ విద్య తెలుసు, మాకు తెలియలేదు.

తరువాత మమ్మల్ని వరుసగా నిలబెట్టినారు. కర్రను కాలి ప్రక్కన నేలకు నిలువుగా ఆనించి, పై కొన ఎక్కడకు వచ్చినదో చూచినారు. తుంటి ఎముక దగ్గరకు రావాలి. దానికంటె పైకి పోతే మోచేయి లేచిపోతుంది, క్రిందికి ఉంటే నడుము వంగి వంగి రెండవ అర్ధభాగమునకే నొప్పి పుట్టుతుంది. రైట్ అవుట్‌కు రెండంగుళములకు పైగా ఎక్కువ ఉన్నది. ఇది అందరికీ ఒకే సూత్రము కాదని కూడా చెప్పినారు. వెనుక ఆడే బ్యాకు అడ్డుకొనుటకు దూరము చాచవలెను కనుక అర అంగుళము పొడవు ఉన్నా మేలే. ముందు వరుసవాడు బంతిని దగ్గరగా త్రిప్పవలెను కనుక కొంచెము పొట్టిదే మేలు. బరువు సంగతీ అంతే. బ్యాకు గట్టిగా కొట్టవలెను, ఇరవై ఔన్సుల కర్ర వానికి భారము కాదు. పరుగెత్తేవానికి పద్దెనిమిది చాలు.

కాని తక్కెడలో తూచిన బరువు వేరు, చేతికి తెలిసే బరువు వేరు. ఆయన ఒకే తూకము గల రెండు కర్రలను చూపుడు వ్రేలిమీద నిలిపి చూపించినారు. ఒకటి కాడ నడుమకు దగ్గరగా నిలిచినది, రెండవది వంపుకు బాగా దగ్గర చేసినప్పుడు గాని నిలువలేదు. రెండవదాని బరువంతా తలలోనే ఉన్నది. అది కొట్టినప్పుడు బాగా పోతుంది, త్రిప్పినప్పుడు చేయి మాట వినదు. మా లెఫ్ట్ ఇన్ మణికట్టును వాపించినది అదే.

కాడ సంగతి ఇంత అయితే, వంపు సంగతి చెప్పుటకు ఆయన మరొక సాయంత్రము తీసుకొన్నారు. బంతిని తాకేది వంపు కనుక అక్కడ దోషము దాగదు. చెక్కలోని నార కాడనుండి దిగి, వంపుతోపాటు తానూ తిరిగి, మునివ్రేలివంటి కొన వరకు పోవలెను. పచ్చి చెక్కను ఆవిరిపెట్టి వంచితే నార అట్లు తిరుగుతుంది. వెడల్పు పలకనుండి వంపును రంపముతో కోసి తీస్తే నార మధ్యలో తెగుతుంది. అది నాలుగు దినముల కర్ర. వార్నీషు క్రింద కూడా కన్ను పెట్టి చూస్తే ఆ గీతలు కనబడుతాయి. మేము అంతవరకు బంగారు అక్షరములనే చదివినాము కాని ఆ గీతలను చదవలేదు.

వంపు ఆకారమునకు ఒక చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో తొలినాళ్ళలో వాడిన కర్రల తల పొడవుగా, చాచినట్లు ఉండేది. దానితో కొట్టవచ్చును గాని బంతిమీదుగా కర్రను అటూ ఇటూ తిప్పుట కష్టము. మన దేశపు పనివారు కంబళి చెక్కను బిగువుగా వంచి తలను పొట్టి చేసినారు. కుడినుండి ఎడమకు, ఎడమనుండి కుడికి బంతిని తిప్పుతూ పోయే మన ఆటకు ఆ పొట్టి తల సరిపోయినది. ఆట వలన కర్ర మారినదో, కర్ర వలన ఆట మారినదో తేల్చి చెప్పుట కష్టము. 1947కు ముందు ఈ పనికి సియాల్‌కోట్ పేరుపొందినది. విభజనలో అక్కడి పనివారిలో అనేకులు జలంధరుకు, మీరటుకు తరలివచ్చినారు. సరిహద్దుకు రెండు వైపులా అదే చెట్టు చెక్కను అదే విధముగా వంచుతూ వచ్చినారు. ఆ కర్రలతోనే రెండు దేశములూ ఒకదానితో ఒకటి ఆడినవి.

చాచా దగ్గర ఒక ఇత్తడి గాజు ఉండేది, కూతురు పసితనములో వేసుకొన్నది. నియమము ప్రకారము కర్ర మొత్తము రెండు అంగుళముల లోపలి వ్యాసము గల వలయములోనుండి దూరి బయటకు రావాలి. గాజుల కొలతలో ‘రెండు’ అన్న గాజు సరిగా అంతే. ఆయన ప్రతి కర్రనూ ఆ గాజులో దూర్చి వంపును త్రిప్పి తీసేవారు. పట్టీ ఎక్కువగా చుట్టుకొన్నవాని కర్ర అందులో ఆగిపోయేది. ఆ గాజును చూచి మేము ఎంత నవ్వినామో!

ఇక మా లెఫ్ట్ అవుట్ సంగతి. ఇది చెప్పుట కొరకే ఈ వ్యాసము వ్రాయుటకు ఒప్పుకొన్నామని చెప్పినా తప్పు లేదు.

వాడు ఎడమచేతి వాటము. అన్నము తినునప్పుడు కుడిచేయి వాడమని ఇంట్లో దెబ్బలు తిన్నవాడు, వ్రాయునప్పుడు బడిలో దెబ్బలు తిన్నవాడు. క్రికెట్టులో ఎడమచేతివానికి చోటున్నది. బల్లెపు పోటీలో ఉన్నది. హాకీలో కర్రకు ఒకే ముఖము. ఎడమ వైపు చదును, కుడి వైపు గుండ్రము. చదును వైపుతోనే బంతిని ఆడాలి, గుండ్రని వైపు తగిలితే తప్పు. ఎడమచేతివారి కొరకు తిరగవేసి చేసిన కర్రను నియమము ఒప్పదు. వాని సహజమైన పట్టు కుడిచేయి పైన, ఎడమచేయి క్రింద. ఆ పట్టుతో ఈ కర్ర ఎట్లు పట్టుకొన్నా వీపే బంతికి ఎదురవుతుంది. చెట్టు కొమ్మల రోజులలో వాడు ఒక చింత కర్రకు చదునును కుడి వైపున చెక్కించుకొని ఆడేవాడు. ఎవరూ పట్టించుకొనలేదు. మాలో అందరికంటె బాగా ఆడినది కూడా వాడే.

కొన్న కర్రలు వచ్చిన తరువాత ఆ చింత కర్రను వదలలేక, ఒక పోటీకి రహస్యముగా తెచ్చినాడు. మొదటి అయిదు నిముషములలోనే అంపైరు ఈల ఊది, కర్రను చేతికి తీసుకొని, త్రిప్పి చూచి, గీత అవతల పెట్టించినాడు. ప్రేక్షకులలో నవ్వు లేచినది. అంపైరు చేసినది న్యాయమే, అందులో తప్పు లేదు. కాని ఆ రోజు రాత్రి వాడు ఇక ఆడనన్నాడు. డ్రిల్లు మాస్టారు కూడా వానిని జట్టునుండి తీసివేయుట మంచిదనే అన్నారు. మేమెవరమూ ఎదురు చెప్పలేదు. పదిమంది స్నేహితులము ఉండి ఒక్క మాట అనలేకపోయినాము.

వానిని చాచా ఇంటికి తీసుకొనిపోయినది రైట్ అవుట్. పొట్టివానికి పొట్టితనపు బాధ తెలుసు కనుక కాబోలు. చాచా సంగతంతా విని, కర్ర ఇవ్వక ముందు ఒక ప్రశ్న అడిగినారు. “కర్రను తిప్పేది ఏ చేయి?” మేమందరమూ కుడిచేయి అన్నాము. ఆయన కర్ర పట్టుకొని, కుడిచేతిని పూర్తిగా తీసివేసి, ఎడమచేతితో మాత్రమే బంతిమీదుగా కర్రను కుడికి, ఎడమకు తిప్పుతూ వాకిట నాలుగు అడుగులు నడిచినారు. డెబ్బది ఏళ్ళ మనిషి. తరువాత కుడిచేతిని క్రింద చేర్చినారు. అది కర్రను బిగించక, గొట్టమువలె వదులుగా ఉండి, కర్ర లోపల తిరుగనిచ్చినది. “లక్డీ కో బాయా హాత్ చలాతా హై, బేటా. కుడిచేయి తోడు వస్తుంది, అంతే. మీకందరికీ రాని చేయి వీనికి అల్లాహ్ ఇచ్చినాడు, మీరు వాణ్ణి తీసివేస్తారా?”

మేము నోరు మెదపలేదు. అది ఓదార్పు మాట కాదు, ఆట యొక్క నిజము. హాకీ కర్ర పైన పట్టేది ఎడమచేయి. మణికట్టును తిప్పి కర్ర ముఖమును మార్చేది అదే. కుడిచేతి వాటమువారమంతా ఆ తెలివిలేని ఎడమచేతికి నెలల తరబడి పాఠము చెప్పవలెను. వానికి అక్కరలేదు. వాడు చేయవలసినదల్లా పట్టును మార్చి, ఎడమను పైకి తెచ్చుకొనుట.

‘అల్లా’ అన్నంత మాత్రాన అయిపోలేదు. మూడు వారములు ప్రతి సాయంత్రమూ వాడు వాకిట ఒంటిచేత బంతి తిప్పినాడు. వాని కొరకు చాచా పదింటిలో తలబరువు అన్నిటికంటె తక్కువ ఉన్నది ఎంచినారు. పిడి లావుగా ఉంటే మణికట్టు తిరగదని పట్టీ విప్పి, క్రింది పొరను తీసి, సైకిలు ట్యూబును సన్నగా కోసి చుట్టినారు. వ్రేళ్ళు పిడిచుట్టూ తిరిగి బొటనవ్రేలి మొదలును దాదాపు అందుకొనవలెనని ఆయన కొలత. మిగిలిన కర్రలకు కూడా చికిత్స జరిగినది. పొడవు ఎక్కువైనవాటిని వడ్రంగి చేత పిడి పైకొనవద్ద కోయించినాము. పైన కోస్తే బరువు మరింత తలకు జారుతుందని ఆయన హెచ్చరించినారు. కనుక రైట్ అవుట్ కర్రను ఒకటిన్నర అంగుళమే కోసి, మిగిలిన భేదమును అలవాటుకు వదిలినాము. వదులు అతుకులకు దారము బిగించి చుట్టినాము. వంపులకు అవిసెనూనె రాసి రాత్రంతా ఆరబెట్టినాము. తడి మైదానములో చెక్క నీరు త్రాగి మెత్తబడకుండుటకు అది తప్పదు.

పొరుగు పట్టణపు జట్టుతో మళ్ళీ ఆడినాము. చదువరులు విజయమును ఆశిస్తూ ఉంటారు. 2-1 తేడాతో ఓడినాము. ఆ ఒక్క గోలుకు ముందు లెఫ్ట్ అవుట్ గీత ప్రక్కనుండి ముగ్గురిని దాటుకొని వచ్చిన వైనము మాత్రము మాలో ఎవరమూ మరువలేదు. దూరముగా గట్టిగా కొట్టుట వానికి చివరివరకు రాలేదు. ఆ దెబ్బలో క్రింది చేయి బలము కావాలి. అది ఉన్నదున్నట్లు చెప్పుట మంచిది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, కర్రలు మారినవి గాని కొనే పద్ధతి మారలేదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో మొదటిసారి కృత్రిమ పచ్చికమీద హాకీ ఆడించినారు. అంతకు ముందు సంవత్సరమే కౌలాలంపూరులో ప్రపంచ కప్పు గెలిచిన మన జట్టుకు అక్కడ ఏడవ స్థానము దక్కినది. ఎగుడుదిగుడు లేని ఆ నేలమీద బంతి వేగముగా, తిన్నగా పోతుంది. మణికట్టు కంటె దెబ్బ బలమునకు విలువ పెరిగినది. దానితో కర్ర కూడా మారినది. 1980లలో హాలండు ఆటగాడు టూన్ కూలెన్ పేరుతో తల మరింత పైకి తిరిగిన కొక్కెపు కర్రలు వచ్చినవి. ఆపైన చెక్క పోయి గాజునార, కార్బన్ నార, అరామిడ్ నార వచ్చినవి. మన హైదరాబాదు నుండి వచ్చి 1992, 1996, 2000 మూడు ఒలింపిక్సులలో ఆడిన ముకేశ్ కుమార్ కాలము ఈ మార్పు జరిగిన కాలమే. టోక్యోలో 2021లోను, పారిసులో 2024లోను మనవారికి కాంస్యములు వచ్చినవి ఈ కొత్త కర్రలతోనే.

నేటి నియమము ప్రకారము కర్ర బరువు 737 గ్రాములకు మించరాదు, పొడవు 105 సెంటీమీటర్లకు మించరాదు, కాడ విల్లువలె వంగుట 25 మిల్లీమీటర్లకు మించరాదు. గాజు కొలత అట్లే ఉన్నది, 51 మిల్లీమీటర్లు. విద్యార్థి సోదరులు ఇప్పుడు బంగారు అక్షరములకు బదులు ‘కార్బన్ ఇంత శాతము’ అన్న అంకె చూచి మోసపోతున్నారు. కార్బన్ ఎక్కువ ఉన్న కాడ బిగువుగా ఉండి దెబ్బను బాగా పంపుతుంది, నిజమే. బంతిని ఆపునప్పుడు అదే బిగువు బంతిని ఎగరగొట్టుతుంది, అదురు చేతికి వస్తుంది. నేర్చుకొనేవానికి గాజునార ఎక్కువ, కార్బన్ తక్కువ ఉన్న మెత్తని కాడ మేలు. విల్లు వంపు క్రిందికి దిగిన కర్రలు పెనాల్టీ కార్నరులో బంతిని లాగి విసిరేవారి కొరకు. తక్కినవారు వాటితో కొట్టితే బంతి అనుకోకుండా లేస్తుంది, ఎదుటివాని మోకాలు పగులుతుంది. తల విషయములో, ముందు వరుసవారికి పొట్టి తల, నడుమ ఆడేవారికి మధ్యరకము, బంతిని ఆపుటయే పనిగా ఉన్నవారికి కొంచెము పెద్దది లేక కొక్కెము. గరప నేలమీద ఈ కర్రల అంచులు త్వరగా అరిగి నార బయటపడుతుంది. విరిగిన చెక్కను దారముతో కట్టినాము, దీనిని కట్టలేము. అరిగి పదునెక్కిన అంచుతో ఆడనీయరాదు. అది చేతులు కోస్తుంది.

కళాశాల కార్యవర్గము వారికి ఒక మనవి. ఆటల సొమ్ముతో కర్రలు కొనుటకు ముందు ఒక సాయంత్రము పిల్లలను వరుసగా నిలబెట్టి తుంటి ఎత్తు కొలిపించండి. ఒక్క కాగితము చాలు. 35 నుండి 37½ అంగుళముల వరకు ఎవరికి ఏది కావాలో వ్రాసి, దుకాణదారునికి ఆ కాగితము ఇవ్వండి. డజనుకు ధర తగ్గిస్తానని అతడు అన్నప్పుడు, డజనూ ఒకే కొలత అయితే ఆ లాభము మీది కాదని జ్ఞాపకముంచుకొనండి. వరుసలో ఎడమచేతి పిల్ల గాని పిల్లవాడు గాని ఉంటే వెనుకకు పంపకండి.

మొన్న సంక్రాంతి సెలవులకు మా లెఫ్ట్ అవుట్ తిరువూరు వచ్చినాడు. తల పూర్తిగా నెరిసినది. వెంట మనుమరాలు, పదేళ్ళ పిల్ల. నగరములో ఏదో పెద్ద దుకాణములో కొన్న హాకీ కర్ర చంకలో పెట్టుకొని వచ్చినది. మా పాత మైదానములో సగము ఇళ్ళు లేచినవి. మిగిలిన సగములో ముగ్గురము నిలబడినాము. వాడు కర్రను పిల్ల కాలి ప్రక్కన ఆనించి వంగి చూచి, “రెండంగుళాలు ఎక్కువ” అన్నాడు. వ్రేలిమీద నిలిపి చూచినాడు. పట్టీని గిల్లి చూచినాడు. ఆపైన చుట్టూ కలియజూచి, ఇత్తడి గాజు ఎక్కడ దొరుకుతుందని మమ్మల్ని అడిగినాడు. ఆ పిల్ల తన చేతి గాజు తీసి తాత చేతిలో పెట్టి, ఇక బంతి వేయమన్నది.